ముప్పై ఎనిమిది సెకన్లు

కౌంటర్ మీద ఫోను పెట్టిన మనిషిని చక్రధర్ చూడగానే గుర్తుపట్టాడు.

మూడు రోజుల కింద, శుక్రవారం సాయంత్రం నాలుగింటికి, డబ్లిన్ నుంచి ఈ డ్రోహెడా ఊరికి వచ్చే ప్రైవేటు బస్సులో ఈ మనిషి తనకు రెండు వరసల ముందు కూర్చున్నాడు. అదే గోధుమరంగు స్వెటరు. అదే బట్టతల. ఆ బట్టతల మీంచి కోకు కారి మెడలోకి దిగుతుంటే చక్రధర్ చూశాడు. చూసి, తర్వాతి స్టాపులో దిగిపోయాడు. అది అతను దిగాల్సిన స్టాపు కాదు.

"తెలుగా?" అన్నాడు ఆ మనిషి.

"అవునంకుల్."

"బతికిచ్చినవ్ బిడ్డా. రెండు షాపులు తిరిగిన పొద్దున సంది. ఇంగ్లీషుల జెప్పలేక పానం పోయింది. గీ ఫోన్లకెల్లి ఒక వీడియో పోయింది. తెస్తవా?"

చక్రధర్ ఫోను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తిప్పాల్సిన పనేమీ లేదు. ముఖం ఎత్తకుండా ఉండడానికి ఏదో ఒకటి చేయాలి కదా. ఆ రోజు తను జాకెట్ హుడ్ నుదుటి దాకా లాక్కుని, ఈయన తల ఇటు తిరిగినప్పుడల్లా ముఖం కిటికీకి తిప్పుకున్నాడు. ఈయన తనని చూసే వీలు లేదు. ఆ సంగతి మూడు రోజుల నుంచీ కనీసం యాభైసార్లు తనకు తాను చెప్పుకున్నాడు.

"ఎలా పోయింది?"

"నేనే తీసేసిన. నా ఏలుతోనే. తీపిచ్చిన్రు."

పేరు కొండల్ రావు. జగిత్యాల పక్కన ఊరు. నది ఒడ్డున ఒక ఇండియన్ రెస్టారెంట్లో వంటమనిషి. కరివేపాకు కోసం డబ్లిన్ వెళ్లి తిరిగొస్తుంటే, దారిలో బడి పిల్లలు ఎక్కారు. ముగ్గురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. ఆ పిల్ల బ్యాగు లాగుతున్నారు, జడ పట్టి గుంజుతున్నారు, చిప్స్ నోట్లో కుక్కుతున్నారు.

"ఆ పిల్ల ఏడుస్తలేదు. అదే నాకు మనసునవట్టలే. ఏడిస్తే ఎవలన్న జూస్తరు. పండ్లు బిగవట్టుకొని కూసుంది. నాకు మాట రాదు గద ఈల్లతోని. ఫోను తొడ మీద వెట్టుకొని వీడియో దీసిన, డ్రైవర్‌కు సూపెడ్దామని. ఒకడు జూసిండు. ముగ్గురు నా మీదికొచ్చిన్రు."

మిగిలింది చక్రధర్‌కు తెలుసు. అయినా విన్నాడు.

"నిన్న ఇద్దరు గార్డులు రూముకొచ్చిన్రు" అన్నాడు కొండల్ రావు. పోలీసుల్ని అక్కడ అందరూ గార్డులనే అంటారు. "ఒక పోరని తల్లి పోయి జెప్పిందట. ఎవడో ముసలోడు బస్సుల ఆడపిల్లను దొంగతనంగ వీడియో దీసిండు, మా పిల్లలు ఆపిన్రు అని. గార్డులు మంచిగనే మాట్లాడిన్రు పాపం. వీడియో ఏది అన్నరు. తీసేసిన అన్న. ఎందుకు తీసేసినవ్ అన్నరు."

ఆయన రెండు చేతులూ కౌంటర్ మీద పెట్టి, అద్దం కింద పేర్చిన ఫోను కవర్లను చూస్తూ నిలబడ్డాడు. వేళ్ల కొసలు పసుపుతో పచ్చబారి ఉన్నాయి.

"బస్సులో కెమెరా?" అన్నాడు చక్రధర్.

"ఒకటే ఉన్నదట. డ్రైవర్ దిక్కే. ఆ పిల్ల నోరు ఇప్పుతలేదట. బెస్తారం, గదే గురువారం, పదకొండు గంటలకు స్టేషన్‌కు రమ్మన్నరు, ఏమన్న ఉంటే తెమ్మన్నరు. సేటు సంగతి తేలేదాంక పనికి రావొద్దన్నడు. నా పర్మిట్ ఆయన మీదనే ఉన్నది బిడ్డా. కువైట్‌ల పదకొండేండ్లు జేసిన. ఇసుంటి మాట ఎవలు అనలే."

వెనక గదిలోంచి ఖాదర్ భాయ్ తల బయట పెట్టాడు. ఈ ఫోన్ల రిపేరు షాపు అతనిది. మలక్‌పేట నుంచి వచ్చి పన్నెండేళ్లయింది. ఎవరొచ్చినా ముందు నవ్వించి తర్వాత పని అడుగుతాడు.

"ఫికర్ జెయ్యకు చాచా. మావోడు డాక్టర్. మట్టిలవెట్టిన ఫోన్లను గూడ లేపిండు. ఏం చక్రీ, పేషెంట్ బతుకుతడా?"

"చూడాలి" అన్నాడు చక్రధర్. "అంకుల్, డిలీట్ కొట్టగానే ఫైలు పోదు. ఇక్కడ అద్దె ఇళ్ల తలుపు మీద పేర్లు రాస్తారు కదా, అందులోంచి ఒకడి పేరు కొట్టేశారనుకోండి. గది ఖాళీ అనుకుంటారు అందరూ. కానీ కొత్తోడు వచ్చి దిగేదాకా పాతోడు లోపలే ఉంటాడు. ఫోను కూడా అంతే. కొత్త ఫైలు వచ్చి ఆ చోట్లో పడితేనే పాతది నిజంగా పోతుంది. శుక్రవారం తర్వాత ఫోను వాడారా?"

"ఎవలికీ చెయ్యలే. ఊకె జేబుల వెట్టుకొని తిరుగుతున్న."

"ఆన్‌లోనే ఉందా?"

"బంద్ జేస్తే ఇంటోల్లు పరేషాన్ అయితరు గద."

చక్రధర్ సన్నటి పిన్నుతో సిమ్ ట్రే గుచ్చి బయటికి లాగాడు. వైఫై తీసేశాడు. అప్పటికే స్క్రీన్ పైభాగాన ఆకుపచ్చ గుర్తు పక్కన, చదవని మెసేజ్‌లు రెండు వందల పద్నాలుగు అని అంకె కనిపిస్తోంది.

"బుధవారం సాయంత్రం రండి."

ఆయన తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి చేతులు జోడించాడు. చక్రధర్ స్క్రూడ్రైవర్ కోసం కిందికి వంగాడు.

*

మంగళవారం పొద్దున నకలు మొదలుపెట్టాడు. ముందు ఫోను తాళాలు తీసి లోపలి దాకా చేయి పోయేలా చేసుకోవాలి. తర్వాత లోపలి మెమరీ మొత్తాన్ని, ఖాళీ అని ఫోను చెప్పే చోట్లతో సహా, ఉన్నదున్నట్టు కంప్యూటర్లోకి దింపుకోవాలి. వెతుకులాట అంతా ఆ నకలు మీదే చేయాలి, అసలు ఫోను మీద చేయకూడదు. పదహారు జీబీల మెమరీ. పాత వైరు. తెర మీద శాతం అంకె ముసలివాడు మెట్లెక్కినట్టు కదులుతోంది.

మధ్యలో రెండు పగిలిన స్క్రీన్లు మార్చాడు. ఒక కాలేజీ అమ్మాయి ఫోను ఛార్జింగ్ రంధ్రంలోంచి సూదితో దూది తీసి చూపిస్తే, ఆమె పడీపడీ నవ్వింది. ఆ రోజు మొత్తానికి అతనితో ఎవరైనా నవ్విన సందర్భం అదొక్కటే.

అంకె నలభైకి వచ్చింది. శుక్రవారం వద్దన్నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

ముందు ఒకడు ఫోను లాక్కున్నాడు. రెండోవాడు ఆయన మణికట్టు పట్టుకుని, ఆయన వేలునే తెర మీద నొక్కించాడు. అది చేస్తున్నప్పుడు వాడి ముఖంలో కోపం లేదు, బొమ్మతో ఆడుకుంటున్న పిల్లవాడి శ్రద్ధ ఉంది. మూడోవాడు కోకు డబ్బా తెరిచాడు. బస్సులో ఇంకో ఆరుగురో ఏడుగురో ఉన్నారు. ఒకావిడ "చాల్లే అబ్బాయిలూ" అంది, అదీ మెల్లగా, తన సంచీకి చెప్పుకుంటున్నట్టు. చక్రధర్ చెవుల్లో ఇయర్‌ఫోన్ వైర్లున్నాయి. పాట లేదు. అతను ఎప్పుడూ పాట పెట్టుకోడు. ఎవరూ పలకరించకుండా ఉండడానికి పెట్టుకుంటాడు. ఎవరూ పలకరించరు కూడా.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి సాయికృష్ణ వంటగదిలో ఉన్నాడు. అయిదుగురు ఉండే ఇంట్లో ఆరున్నర నుంచి ఏడు దాకా స్టవ్ వాడిది. మెయ్‌నూత్ యూనివర్సిటీలో ఇద్దరూ ఒకే బ్యాచ్. వాడికి చదువుకు తగ్గ ఉద్యోగం వచ్చింది, వీడికి ఇంకా రాలేదు. అప్పటి నుంచి మాటలు స్టవ్ టైముకి మాత్రమే.

"మావా, ఒకటడుగుతా" అన్నాడు చక్రధర్. "ఎక్కడైనా గొడవ చూశామనుకో. గార్డుల దగ్గరికెళ్లి సాక్ష్యం చెబితే ఏమవుద్ది?"

సాయికృష్ణ గరిటె ఆపాడు. "నీకు పిచ్చా? మనం ఈ దేశంలో ఉండే కార్డు ఇచ్చేదెవడు?"

"గార్డులే."

"మరి? సాక్షో, దొంగో, పేరు ఒకసారి వాళ్ల సిస్టంలో పడిందంటే పడినట్టే. లిమరిక్‌లో ఒకడికి అలాగే అయ్యిందంట, గ్రూపులో పెట్టారు చూళ్లా? రెన్యూవల్‌కి పోతే సవాలక్ష ప్రశ్నలంట. నీది ఎప్పుడు?"

"జులై."

"రెండు నెల్లు నోరు మూసుకుని కూర్చో. ఏం చూశావ్ ఇంతకీ?"

"ఏం లేదు. ఎవరో అడిగితే."

లిమరిక్ కుర్రాడి పేరు ఎవరికీ తెలియదు. ఆ మెసేజ్ ఎవరు మొదట పెట్టారో కూడా తెలియదు. అయినా ఆ ఇంట్లో ఉన్న అయిదుగురూ దాన్ని ప్రభుత్వ ఉత్తర్వులా నమ్మారు. చక్రధర్ ప్లేటు పట్టుకుని పైన తన గదికి వెళ్లాడు. మంచం, కుర్చీ వేశాక మిగిలిన చోటులో ఒక మనిషి నిలబడగలడు. ఎనిమిదింటికి కూడా బయట పట్టపగల్లా వెలుతురు. మే నెల అక్కడ అంతే, రోజు ఎంతకీ పూర్తి కాదు.

*

బుధవారం మధ్యాహ్నానికి వెతుకులాట ఒక కొలిక్కి వచ్చింది.

పేర్లు పోయిన ఫైళ్లు వందల్లో తేలాయి. తేదీల వారీగా పేర్చి, శుక్రవారం సాయంత్రం దగ్గర ఆగాడు. వీడియో మొదలు దొరికింది. చివర కోసం ఆ తర్వాతి చోట్లు ఒక్కొక్కటీ తెరిచాడు.

ఎర్ర గులాబీ. మంచు బిందువులు. శుభోదయం.

తర్వాతి చోటు. వెంకటేశ్వరస్వామి, పక్కన తులసిమాల. శుభ శనివారం.

తర్వాత సూర్యుడు, రెండు చిలకలు, ఒక కాఫీ కప్పు. ఆదివారం శుభాకాంక్షలు, మీ బావ లింగయ్య.

మూడు కుటుంబ గ్రూపులు, ఒక కువైట్ మిత్రుల గ్రూపు. కొండల్ రావు ఎవరికీ ఫోను చేయలేదన్న మాట నిజమే. ఆయన మీద ప్రేమతో మూడు రోజుల పాటు అందరూ పంపిన పూలూ దేవుళ్లూ జేబులో ఉన్న ఫోనులోకి వాటంతట అవే దిగి, సరిగ్గా ఆ ఖాళీ చోట్లోనే పడ్డాయి. నాలుగు నిమిషాల వీడియోలో మూడు నిమిషాల పైన వాటి కింద పోయింది.

మిగిలిన ముక్క ఆడదు. దానికి తలా తోకా సరిచేయాలంటే అదే ఫోనుతో తీసిన మంచి వీడియో ఒకటి నమూనాగా కావాలి. కొండల్ రావు తీసుకున్న వీడియో ఒకటి దొరికింది. పెద్ద బిర్యానీ బగోనా, మూత తీయగానే ఆవిరి, "సూడుండ్రి, మెతుకు మెతుకు ఇడిగా ఉన్నది" అంటున్న గొంతు. ఆ గొంతులో ఉన్న ధీమా సోమవారం కౌంటర్ దగ్గర వినపడలేదు. దాని కొలతలు పట్టుకుని ముక్కను అతికించాడు. రెండుసార్లు పచ్చటి గళ్లు వచ్చాయి. మూడోసారి ఆడింది.

ముప్పై ఎనిమిది సెకన్లు.

తొడ మీంచి, రెండు సీట్ల సందులోంచి, వణుకుతున్న కెమెరా. స్కూలు యూనిఫాంలో ఒక పిల్ల. మోకాళ్లు, గళ్ల స్కర్టు, పక్కకు తిప్పుకున్న ముఖం. ఒకసారి ఎవరిదో చెయ్యి తెరలోకి వచ్చి పోయింది. ఇంజను చప్పుడు తప్ప ఏ మాటా స్పష్టంగా లేదు. మగపిల్లలు ఒక్కరూ కనపడలేదు.

చక్రధర్ దాన్ని నాలుగుసార్లు చూశాడు. ఆ బస్సులో తను లేకపోయుంటే, ఇది చూసి తను కూడా ఆ తల్లి మాటే నమ్మేవాడు.

ఖాదర్ భాయ్ టీ కప్పు పట్టుకుని భుజం మీంచి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"అరే. ఇది ఇస్తే చాచా పని ఖతం గదరా."

"అవును భాయ్."

"రాలేదని జెప్పు. ఆయనకు గదే మంచిది. ఉన్నది ఒకని మాట మీద ఒకని మాట, అట్లనే ఉండనీ." టీ ఒక గుటక తాగి, "చాచాది ఫేస్ జూస్తే తెలుస్తలేదా, అసుంటోడు కాదు. కానీ ఫేస్ ఎవడు జూస్తడు?" అన్నాడు.

రాలేదని చెప్పడం తేలిక. దయ కూడా. చక్రధర్ ఆ మాటను నోట్లో రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. మూడోసారికి అబద్ధంలా అనిపించడం మానేసింది.

అయిదున్నరకి కొండల్ రావు వచ్చాడు. చేతిలో గుడ్డలో చుట్టిన స్టీలు డబ్బా. "మటన్. పని లేదు గద, పొద్దువోక వండిన. ఒక్కనికి ఎంత గావాలె? అన్నంల కలుపుకొని తిను." డబ్బా కౌంటర్ మీద పెట్టి, చక్రధర్ ముఖంలోకి చూశాడు.

"అంకుల్... పూర్తిగా రాలేదు."

"ఎంతొచ్చింది?"

రాలేదని చెప్పబోయినవాడు పూర్తిగా అన్న మాట ఎందుకు కలిపాడో అతనికే తెలియదు.

"కొంచెం. మీరు చూడకపోతేనే మంచిది."

"నేను దీసింది నేను జూడనా?"

ఖాదర్ భాయ్ లేచి ఏదో పనున్నట్టు బయటికి వెళ్లాడు. చక్రధర్ తెరను ఆయన వైపు తిప్పాడు. కొండల్ రావు కళ్లద్దాలు తీసి, స్వెటర్ అంచుతో తుడుచుకుని పెట్టుకున్నాడు. మొదటిసారి చివరిదాకా చూశాడు. "మల్ల పెట్టు" అన్నాడు. రెండోసారి సగంలో చెయ్యి అడ్డం పెట్టి తెరను మూసేశాడు.

"నేను గిట్లనా కనవడ్తున్న?"

చక్రధర్ వీడియో ఆపేశాడు.

"నాకు మనుమరాలున్నది బిడ్డా. గంతే వయసు." ఆయన చేతిని తెర మీంచి తీయలేదు. "రేపు ఇది జూపెట్టి ఏం జెప్పాలె? ఈ వీడియోల పోరగాండ్లు లేరు, నన్ను కొట్టింది లేదు. నేనే ఉన్న. నేను గూడ లేను, నా బుద్ధి ఉన్నది. ఎవలు ఎసుంటి బుద్ధి అంటే గసుంటి బుద్ధి."

బయట ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు. చక్రధర్ చెయ్యి దానంతట అదే కౌంటర్ మీద ఉన్న స్టీలు డబ్బాను ఆయన వైపు కొంచెం జరిపింది.

"అంకుల్, ఆ బస్సులో నేనున్నాను."

కొండల్ రావు తల తిప్పాడు.

"మీకు రెండు వరసల వెనక. అంతా చూశాను. వాడు మీ చెయ్యి పట్టుకుని డిలీట్ చేయించడం చూశాను. జులైలో నా కార్డు రెన్యూవల్ ఉంది, గార్డుల దగ్గరికెళ్తే... భయమేసింది. మీరు సోమవారం రాగానే గుర్తుపట్టాను."

చెప్పడం అయిపోయింది. ఆయన తిడతాడని ఎదురుచూశాడు. కొండల్ రావు అతన్ని కాసేపు చూశాడు. కూర చెడిందేమోనని వంటమనిషి చూసినట్టు, కోపం లేకుండా, జాగ్రత్తగా.

"సోమారం సంది" అన్నాడు.

"అవును."

"రేపు పదకొండు గంటలకు."

తలుపు మెల్లగా వేసి వెళ్లిపోయాడు. చక్రధర్ ఆ డబ్బా తెరవలేదు, ఇంటికీ తీసుకెళ్లలేదు.

*

గురువారం స్టేషన్లో అద్దం కిటికీ వెనక ఉన్న గార్డుకు ముప్పై ఏళ్లుంటాయి. ఎర్రటి జుట్టు ముడి వేసుకుంది. చక్రధర్ వచ్చిన పని చెప్పగానే పక్క గది తలుపు తెరిచి కూర్చోబెట్టింది. గుర్తింపు కార్డు అడిగింది. గులాబీ రంగు ఆ కార్డు మీద వాళ్ల ముద్రే ఉంది. అది బల్ల మీద అటు జరుపుతుంటే చక్రధర్ వేళ్లు ఒక క్షణం దాన్ని వదల్లేదు. ఆవిడ నంబరు రాసుకుని వెంటనే వెనక్కి జరిపేసింది. "గ్రాండ్" అంది, అంతా సరిగ్గా ఉందన్నట్టు. జులై సంగతి ఆవిడ అడగలేదు, అతను ఎత్తలేదు.

గంట పట్టింది. ఏ సీటు, ఎంత దూరం, ముందు ఎవరు లేచారు, ఏ చేత్తో పట్టుకున్నారు. ముప్పై ఎనిమిది సెకన్ల ముక్క చూపించి, అది ఎక్కడ తెగిందో, తెగిన చోటు తర్వాత ఏం జరిగిందో చెప్పాడు. "ఆ తర్వాత మీరేం చేశారు?" అని అడిగింది. ఆ ప్రశ్నలో నింద లేదు. మిగతావి అడిగినట్టే అడిగింది.

"దిగిపోయాను."

ఆవిడ అదీ రాసుకుంది. ఆ పిల్లతో, వాళ్ల అమ్మతో మళ్లీ మాట్లాడతామంది. చదివి వినిపించి, సంతకం పెట్టించి, అడిగితే ఒక నకలు ఇచ్చింది.

బయట మెట్ల పక్కన కొండల్ రావు నిలబడి ఉన్నాడు. ఆయన వాంగ్మూలం ముందే అయిపోయింది. సన్నటి తుంపర స్వెటర్ మీద ముత్యాల్లా నిలిచింది. గొడుగు లేదు. లోపల కుర్చీలున్నా బయటే నిలబడ్డాడు.

"ఏం రాసిన్రు? సదువు."

చక్రధర్ కాగితం విప్పి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాడు. ఆడపిల్ల జడ. ముగ్గురి వయసులు. మణికట్టు. వేలు. కొండల్ రావు ప్రతి వాక్యానికీ తల ఊపాడు, వంటకు సరుకులు సరిచూసుకుంటున్నట్టు. కోకు దగ్గరికి వచ్చాక కళ్లు మూసుకున్నాడు.

"'తర్వాతి స్టాపులో నేను దిగిపోయాను. అది నా స్టాపు కాదు.' అంతే అంకుల్. సంతకం పెట్టాను."

"కోకు వోసినప్పుడు నేను ఒర్రిన" అన్నాడు కొండల్ రావు.

చక్రధర్ కాగితం మీంచి తలెత్తలేదు.

"పానం మీదికొస్తే ఇంగ్లీషు యాడికెల్లొస్తది? తెలుగులనే ఒర్రిన. ఎవలన్న ఉన్నరా, జర ఆపుండ్రి అని. గిన్నొద్దులు నేనేమనుకున్న అంటే... బస్సులున్నోల్లకు నా మాట ఏం సమజైతది, ఆల్లదేం తప్పు అనుకున్న. గా మాట వట్టుకొనే పండుకుంటున్న." ఆయన ఆగాడు. "నీకు ఇనవడ్డదా?"

చెవుల్లో వైర్లున్నాయి. ఆ సంగతి కాగితంలో కూడా ఉంది. వినపడలేదంటే ఈ భూమ్మీద కాదనేవాడు లేడు. ఈ ముసలాయన కూడా నమ్మేలా ఉన్నాడు. నమ్మాలని ఉన్నట్టు కూడా ఉన్నాడు.

"వినపడింది అంకుల్."

"అర్తమైందా?"

"అయింది."

తుంపర కొంచెం జోరందుకుంది. కొండల్ రావు అద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. తుడుచుకోలేదు.

"గా మాట రాసిన్రా కాయిదంల?"

"లేదు."

ఆయన పొమ్మనలేదు, రమ్మనలేదు. రోడ్డు అవతల ఏదో షట్టరు పైకి లేచిన చప్పుడైంది.

చక్రధర్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని మళ్లీ మెట్లెక్కాడు. అద్దం కిటికీ ముందు నిలబడ్డాడు. ఎర్రజుట్టు గార్డు రాస్తున్నదల్లా తలెత్తింది.

"ఏమైనా మర్చిపోయారా?"

"మర్చిపోలేదు" అన్నాడు చక్రధర్. "చెప్పలేదు."

ఆవిడ కొత్త కాగితం తీసి, కలం మూత తీసింది.